చిన్న తుపాకీతో చెయ్యి నొప్పెట్టకుండా కాల్చడం

మొదటిసారి చిన్న రివాల్వర్ కాల్చిన మర్నాడు పొద్దున నీళ్ల సీసా మూత తిప్పలేకపోయాను. కుడిచేతి బొటనవేలు మణికట్టును కలిసే చోట మేకు దిగ్గొట్టినట్టుంది. మధ్యవేలి కణుపు కమిలి నల్లబడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో చర్మం లేచి ఒకటే మంట. ముందురోజు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, 50 తూటాల డబ్బా మొత్తం ఖాళీ చేసి, అది చాలక పక్కవాళ్ల దగ్గర ఇంకో 20 అడిగి తీసుకుని అవి కూడా కాల్చడం. రివాల్వర్ బరువు 400 గ్రాములు. ఇంత బుల్లిది ఏం చేస్తుందిలే అనుకున్నాను.

నావి చిన్న చేతులు. రోజంతా కీబోర్డు మీద పని. చెయ్యి పాడైతే నా పని ఆగిపోతుంది. అందుకే "నాలుగు రోజులు కాలిస్తే అదే అలవాటవుతుంది" అన్నవాళ్ల మాట పక్కనపెట్టి, ఏ నొప్పి ఎందుకు వస్తోందో ఒక్కొక్కటిగా పట్టుకుంటూ వచ్చాను. ఇప్పటికీ అదే రివాల్వర్ కాలుస్తున్నాను. నొప్పి అసలే లేదని అనను గానీ, మర్నాడు దాని గురించి ఆలోచించాల్సిన అవసరం రావడం లేదు. ఇన్నాళ్లలో నాకు అర్థమైంది ఇది: నొప్పి చేతిలో ఏ చోట ఉందో చూస్తే, తప్పు ఎక్కడ జరుగుతోందో చాలావరకు దొరికిపోతుంది.

ముందుగా ఒక మాట. కింద చెప్పే పట్టు సర్దుకోవడాలు, పిడి మార్చడాలు అన్నీ ఖాళీ తుపాకీతోనే చెయ్యాలి. పిస్టల్ అయితే మ్యాగజైన్ (తూటాల అర) తీసి, స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జారే ఉక్కు భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (తూటా పేలే గది) కళ్లతో చూసి, వేలితో తడమండి. రివాల్వర్ అయితే సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) తెరిచి గదులన్నీ ఖాళీయేనా అని ఒక్కొక్కటే చూడండి. తూటాలు పక్క గదిలో ఉంటే ఇంకా మంచిది. ఖాళీదైనా సరే గొట్టం మనిషి వైపు తిరగకూడదు.

చిన్నదే ఎందుకు గట్టిగా తంతుంది

బుల్లెట్ ముందుకు పోతే తుపాకీ వెనక్కి వస్తుందని బళ్లో చదువుకున్నదే, న్యూటన్ మూడో సూత్రం. కానీ ఆ లెక్క ఎప్పుడైనా కట్టి చూశారా? 10 గ్రాముల బుల్లెట్ సెకనుకు 220 మీటర్ల వేగంతో బయటికి పోయిందనుకుందాం. పొట్టి గొట్టం ఉండి .38 స్పెషల్ రకం తూటా వాడే రివాల్వర్‌లో ఇంచుమించు ఇదే వరస. తుపాకీ బరువు 1 కిలో ఉంటే అది సెకనుకు 2.2 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. అదే 400 గ్రాములుంటే 5.5 మీటర్లు. శక్తి లెక్కలో వేగాన్ని దాంతోనే హెచ్చించాలి కాబట్టి, పెద్ద తుపాకీ నుంచి చేతికి వచ్చేది సుమారు 2.4 జౌల్స్ అయితే, చిన్నదాని నుంచి వచ్చేది 6. మందు మండి వచ్చే వాయువుల తోపు కూడా కలిపితే రెండూ ఇంకాస్త పెరుగుతాయి. తూటా అదే, చెయ్యి అదే, దెబ్బ మాత్రం రెండున్నర రెట్లు.

పైగా ఆ దెబ్బ పడే చోటు కూడా చిన్నదే. పెద్ద తుపాకీ పిడి అరచెయ్యంతా పరుచుకుని కూర్చుంటుంది. చిన్నదాని పిడి సన్నం, పొట్టి, చిటికెనవేలికి చోటే ఉండదు. బల్లచెక్కతో తోసినదానికీ కర్రమొనతో పొడిచినదానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే.

బరువుల తేడా తెలియడానికి కొన్ని అంకెలు. స్మిత్ అండ్ వెస్సన్ 1950లో తెచ్చిన ఐదు తూటాల చిన్న ఉక్కు రివాల్వర్, తర్వాత మోడల్ 36 అని పేరు పెట్టినది, సుమారు 550 గ్రాములు. అదే సైజులో అల్యూమినియం మిశ్రమంతో చేసినవి 400 గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. స్కాండియం అనే లోహం కలిపిన మరీ తేలికవి ఇంకా తక్కువ. పిస్టళ్లలో రూగర్ ఎల్సీపీ లాంటిది 270 గ్రాములే. రోజంతా మోసేవాళ్లకి ఆ తగ్గిన గ్రాములు సుఖమే. కాల్చేటప్పుడు ఆ గ్రాములన్నీ చేతి మీదే తీర్చుకుంటుంది.

పిస్టల్ కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒకటుంది. తూటా చిన్నదైతే దెబ్బ కూడా చిన్నదే అనుకుంటారు. కొన్ని పిస్టళ్లలో గొట్టం కదలదు. స్లైడ్‌ను ఆపేది దాని బరువూ, స్ప్రింగూ మాత్రమే. వాల్తర్ పీపీకే ఆ రకం. ఇలాంటివాటిలో .380 ఏసీపీ తూటా చేతికి చురుక్కుమని తగులుతుంది. గొట్టం, స్లైడ్ రెండూ ముడిపడి కొంత దూరం కలిసి వెనక్కి వచ్చి ఆ తర్వాత విడిపోయే రకంలో అదే తూటా నయమనిపిస్తుంది. కొనేముందు రెండు రకాలూ చెరో మ్యాగజైన్ కాల్చి చూసుకోవాలి. షాపులో ఖాళీది పట్టుకుని చూస్తే ఈ సంగతి తెలియదు.

నొప్పి ఎక్కడుందో చూడండి

మొదట బొటనవేలి మొదలు. అన్నిటికన్నా చెడ్డది ఇదే, ఎక్కువ కాలం నిలిచేది కూడా ఇదే. నాకు ఈ సంగతి చెప్పినాయన తుపాకీ కాల్చే రేంజిలో తరచూ కనిపించే పెద్దాయన, మా నాన్న వయసు ఉంటుంది. నేను కాల్చడం కాసేపు చూసి దగ్గరికొచ్చారు.

"ఏమ్మా, ఆ బొటనవేలు అస్తమానం నొక్కుకుంటున్నావు. నొప్పా?"

"అలవాటవుతుందిలెండి అంకుల్."

"దేనికి అలవాటు? కీలు అరగడానికా?" అని తుపాకీ ఖాళీ చేయించి, బల్ల మీద పెట్టించి, చెయ్యి చాపమన్నారు. జేబులోంచి పెన్ను తీశారు. బొటనవేలి సందు నడుమ ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి మణికట్టు మీదుగా ముంజేతి పొడవునా ఒక గీత గీశారు. "పిడి వెనక భాగం ఈ గీత మీద కూర్చోవాలి. నీకు ఎక్కడ కూర్చుంటోందో చూడు," అని బొటనవేలి మొదటి కీలు మీద తన వేలితో నొక్కారు. కెవ్వుమన్నాను.

అసలు విషయం ఏమిటంటే, నా వేళ్లు పొట్టివి. ట్రిగ్గర్ అందక, నాకు తెలియకుండానే తుపాకీని చేతిలో ఒక పక్కకి తిప్పి పట్టుకుంటున్నాను. అలా తిప్పితే వేలు ట్రిగ్గర్‌కి అందుతుంది, నిజమే. కానీ పిడి వెనక భాగం సందులోంచి జారి బొటనవేలి ఎముక మీదికి వస్తుంది. గొట్టం ముంజేతికి తిన్నగా ఉండదు. పేలిన ప్రతిసారీ దెబ్బ ముంజేతిలోకి పోకుండా ఆ చిన్న కీలు మీదే పడుతుంది. ఆ రోజు 70 సార్లు పడింది.

మీ పట్టు ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు. ఖాళీ తుపాకీని ఒంటిచేత్తో పట్టుకుని చెయ్యి చాచండి. పై నుంచి చూస్తే గొట్టం, మణికట్టు, మోచెయ్యి ఇంచుమించు ఒకే గీతలో కనిపించాలి. గొట్టం పక్కకి పోతోందంటే పట్టు మెలితిరిగిందన్నమాట. ముందు గీత సరిచేసుకోండి, తర్వాత వేలు ట్రిగ్గర్ మీద ఎంతవరకు అందుతుందో చూడండి. వేలి మొదటి గణుపులోని మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనితే చాలు, వేలి మడత దాటి లోపలికి వెళ్లక్కర్లేదు. అది కూడా అందకపోతే పిడి సన్నగా ఉన్నది వెతకాలి. సన్న పిడితోనూ అందకపోతే ఆ తుపాకీ మీ చేతికి సరిపడదు. ఈ మాట వినడానికి బాధగా ఉంటుంది గానీ, చెప్పు కరిస్తే కాలు కోసుకోం కదా.

తర్వాత బొటనవేలి సందు. అక్కడ రెండు ఎర్రటి గీతలు పక్కపక్కనే తేలి, చర్మం కోసుకుపోయిందంటే స్లైడ్ కరిచిందని అర్థం. స్లైడ్ వెనక్కి వచ్చే దారిలో కండ అడ్డుపడింది. పిడి పైభాగాన వెనక్కి పొడుచుకొచ్చిన తోక ఉంటుంది, చెయ్యి దాని కిందే ఉండాలి, పైకి ఎక్కకూడదు. పీపీకే లాంటి పాత నమూనాల్లో ఆ తోక పొట్టి. కండ ఎక్కువగా ఉన్న చేతులను అవి ఎలా పట్టుకున్నా కరుస్తాయి. రివాల్వర్‌లో అయితే స్లైడ్ ఉండదు గానీ, పిడి పైభాగంలో ఉక్కు మూపురం ఒకటి ఉంటుంది. పిడి వెనక రబ్బరు లేకపోతే ఆ ఉక్కే నేరుగా సందులో గుద్దుతుంది.

మధ్యవేలి కణుపు కమలడానికి కారణం ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ. తుపాకీ పేలగానే గొట్టం పైకి లేచి, పిడి చేతిలో కదిలి, గార్డు వెనక భాగం వచ్చి మధ్యవేలి మీద కొడుతుంది. గార్డుకీ వేలికీ మధ్య చిన్న ఖాళీ ఉన్నా అది సుత్తిదెబ్బే. మధ్యవేలిని పైకి నెట్టి గార్డుకు ఆనించి ఉంచితే సగం బాధ పోతుంది. రివాల్వర్లలో గార్డు వెనక ఆ ఖాళీని పూడ్చే పిడులు దొరుకుతాయి, అవి వేస్తే మిగతా సగం కూడా పోతుంది. నేను మొదటి నెలంతా ఆ కణుపు మీద ఆటగాళ్లు చుట్టుకునే గుడ్డ టేపు రెండు చుట్లు చుట్టుకునేదాన్ని. అది కూడా పనిచేసింది.

చూపుడువేలి కొస నొప్పెడితే, వేలు ట్రిగ్గర్ కింది కొస మీద ఉండి గార్డుకీ ట్రిగ్గర్‌కీ మధ్య నలుగుతోందన్నమాట. వేలు కాస్త పైకి జరపాలి, అంతే.

తోపు, గుద్దు

ఈ నొప్పులన్నిటికీ వెనక ఉన్నది ఒక్కటే: ఖాళీ. తుపాకీ చేతికి అతుక్కుని ఉంటే అది చేతిని తోస్తుంది. మధ్యలో రెండు మిల్లీమీటర్ల చోటు దొరికినా అది పరుగెత్తుకొచ్చి గుద్దుతుంది. తలుపు మీద చెయ్యి ముందే ఆనించి ఉంటే ఎవరు నెట్టినా నొప్పి తెలియదు. చెయ్యి కాస్త దూరంగా ఉన్నప్పుడు తలుపు వచ్చి కొడితే తెలుస్తుంది.

అందుకే దెబ్బకి భయపడి తుపాకీని వదులుగా పట్టుకోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు. నొప్పి ఉన్న చేతికి సహజంగా వచ్చే ఆలోచన అదే, నేనూ చేశాను. వదులుగా పట్టుకుంటే నొప్పి పెరుగుతుంది, మణికట్టు మెత్తబడి పిస్టల్ స్లైడ్ పూర్తిగా వెనక్కి రాలేక పేలిన తూటా ఖాళీ తొడుగు అందులో ఇరుక్కోవచ్చు కూడా.

పట్టు ఇలా సర్దుకుంటాను. ఎడమచేత్తో గొట్టం వైపు పట్టుకుని, కుడిచేతి బొటనవేలి సందును పిడి పైభాగంలోకి, ఎంత పైకి వెళ్తే అంత పైకి నెడతాను. చెయ్యి గొట్టానికి ఎంత దగ్గరగా ఉంటే గొట్టం అంత తక్కువ లేస్తుంది, మణికట్టు మీద మెలి అంత తగ్గుతుంది. తర్వాత మధ్యవేలు గార్డు కిందకి ఆనించి, ఉంగరపువేలు, చోటుంటే చిటికెనవేలు చుడతాను. చోటు లేకపోతే చిటికెనవేలు పిడి అడుగున మడిచి ఆనిస్తాను, గాల్లో వేలాడనివ్వను.

ఇక ఎడమచెయ్యి. ఇది చాలామందికి అలంకారంగా ఉంటుంది గానీ, సగానికి పైగా పని దీనిదే. కుడి అరచెయ్యి పిడిని మూసేశాక ఎడమ పక్కన కొంత చోటు మిగులుతుంది. ఎడమ అరచేతి మెత్త అక్కడ ఆనాలి. దాని వేళ్లు కుడివేళ్ల మీదుగా గట్టిగా చుట్టుకోవాలి. బిగింపు ఎక్కువ ఎడమచేతిదే కావాలి, కుడిచెయ్యి ట్రిగ్గర్ చూసుకోవాలి కాబట్టి.

ఎడమ బొటనవేలి విషయంలో మాత్రం జాగ్రత్త. పిస్టల్‌లో అది ముందుకి చాచి స్లైడ్ కింద ఆనవచ్చు. ఏ బొటనవేలూ స్లైడ్ వెనక్కి పోకూడదు, పోతే కోసేస్తుంది. రివాల్వర్‌లో బొటనవేళ్లు ముందుకి చాచనే కూడదు. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. పేలినప్పుడు అక్కడి నుంచి మండే వాయువులు, సీసం తునకలు పక్కలకి చిమ్ముతాయి. దానికి దగ్గరగా వేలుంటే చర్మం కాలి చీలిపోతుంది. పిస్టల్ అలవాటు ఉన్నవాళ్లు రివాల్వర్ తీసుకోగానే చేసే తప్పు ఇదే. రివాల్వర్‌కి ఎడమ బొటనవేలిని కుడి బొటనవేలి మీద వేసి కిందికి వంచి ఉంచుతాను.

ఎంత గట్టిగా పట్టుకోవాలి? నీళ్లు నిండిన బకెట్ మోసేటంత. తుపాకీ వణకడం మొదలైందంటే ఎక్కువైంది, కాస్త తగ్గించుకోవాలి. మోచేతులు కర్రల్లా బిగబట్టకండి, కొంచెం సడలి ఉండాలి. ఒళ్లు ఒక వేలెడు ముందుకి వంగి ఉంటే దెబ్బ భుజాల దాకా పంచుకుంటుంది. గొట్టం లేస్తుంది, లేవనివ్వండి. దాన్ని ఆపాలని పేలకముందే కిందికి నొక్కితే గురీ పోతుంది, మణికట్టూ పోతుంది.

పిడికి, చేతికి ఏం తొడగాలి

నేను పెట్టిన ఖర్చుల్లో దండగ కానిది రబ్బరు పిడి ఒక్కటే. హోగ్, పాక్‌మేర్ లాంటి కంపెనీలవి చాలా రివాల్వర్లకి దొరుకుతాయి. కొనేటప్పుడు చూడాల్సింది రంగూ ఆకారం కాదు, వెనకవైపు ఉక్కు పట్టీని రబ్బరు పూర్తిగా కప్పుతోందా లేదా అని. కొన్ని పిడులు పక్కలే కప్పి వెనక ఉక్కును బయటికే వదిలేస్తాయి, వాటి వల్ల సందుకి ఏ లాభమూ లేదు. చిటికెనవేలికి చోటిచ్చేంత పొడవు ఉంటే మరీ మంచిది.

ఇక్కడే చిక్కుంది. వెనక రబ్బరు వస్తే పిడి లావవుతుంది, ట్రిగ్గర్ దూరమవుతుంది. చిన్న చేతులవాళ్లకి మళ్లీ ఆ మెలిపట్టు మొదలవుతుంది. నేను మూడు పిడులు మార్చాక, వెనక రబ్బరు పల్చగా ఉండి పక్కలు సన్నగా ఉన్నది కుదిరింది. చేతులు పెద్దవైతే ఈ బాధ లేదు, మందమైనదే వేసుకోండి.

పిస్టల్ పిడి మార్చడం అన్నిటికీ కుదరదు. దానికి సైకిల్ ట్యూబు ముక్క చాలు. పిడి చుట్టుకొలత కన్నా కొంచెం సన్నది చూసి, నాలుగు వేళ్ల వెడల్పు కోసి, సాగదీసి ఎక్కించండి. జారదు, కొంచెం మెత్తన కూడా. మ్యాగజైన్ వదిలే బటన్, పిడి మీద సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఏదైనా ఉంటే అది, రెండూ ట్యూబు కింద పడకుండా రంధ్రం కోసుకోవాలి. గరుకు టేపు అంటించమని చాలామంది చెబుతారు. చెమటకి జారకుండా పట్టు ఇస్తుంది గానీ చర్మాన్ని గీకేస్తుంది, 30 రౌండ్లు దాటితే బొబ్బలు. నాకు పడలేదు.

మ్యాగజైన్ అడుగున చిటికెనవేలు ఆనించుకోవడానికి తగిలించే ముక్కలు మంచివే. ఒకటి గమనించాలి: పేలినప్పుడు ఆ ముక్కకీ పిడికీ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటే చిటికెనవేలి చర్మం అందులో నలుగుతుంది. చిటికెనవేలి లోపలివైపు రక్తం గడ్డకట్టిన చుక్క కనిపిస్తే కారణం అదే.

గ్లౌజుల విషయంలో నేనొక తెలివితక్కువ పని చేశాను. లావుపాటి మెత్త ఉన్నవి కొన్నాను. వేలు ట్రిగ్గర్ గార్డులో పట్టక ఇరుక్కుంది, వదిలాక ట్రిగ్గర్ ముందుకి రాకుండా గుడ్డ అడ్డుపడింది. నింపిన తుపాకీ మీద వేలు ఎక్కడుందో తెలియకపోవడం ప్రమాదం. అవి పక్కన పడేసి, సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే సగం వేళ్ల గ్లౌజులు తెచ్చుకున్నాను. అరచేతిలో, బొటనవేలి సందులో పల్చటి జెల్ మెత్త ఉన్నవి. చూపుడువేలు బయటే ఉంటుంది. అభ్యాసానికి అవి చక్కగా సరిపోయాయి.

తుపాకీ ముట్టుకునే ముందు కుడిచేతికి ఉన్న ఉంగరం తీసేస్తాను. పిడికీ ఎముకకీ మధ్య ఉంగరం ఉంటే ఏమవుతుందో ఒక్కసారి అనుభవిస్తే చాలు.

తూటాలు

నేర్చుకునేటప్పుడు బలమైన తూటాలు కాల్చాల్సిన అవసరం లేదు. .38 స్పెషల్‌లో వాడ్‌కటర్ అని, మూతి చదునుగా ఉండే తూటాలు కాగితం గురి కోసమే చేస్తారు. 148 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 9.6 గ్రాములు, తక్కువ వేగంతో పోతుంది. వాటికీ ప్లస్ పి అని రాసిన ఎక్కువ ఒత్తిడి తూటాలకీ చేతిలో తేడా మొదటి రౌండులోనే తెలిసిపోతుంది. .357 మాగ్నమ్ రివాల్వర్ ఉన్నవాళ్లు అందులో .38 స్పెషల్ కాల్చుకోవచ్చు. .38 రివాల్వర్‌లో .357 తూటా మాత్రం ఎప్పటికీ పెట్టకూడదు. 330 గ్రాముల రివాల్వర్‌తో .357 మాగ్నమ్ కాల్చడం సరదా అనుకునేవాళ్లని చూశాను, రెండో సిలిండర్ నింపినవాళ్లని మాత్రం చూడలేదు.

మరీ తేలిక రివాల్వర్లలో ఇంకో సంగతి జరుగుతుంది. దెబ్బ జోరుకి, ఇంకా కాల్చని తూటాల్లోని బుల్లెట్లు తొడుగులోంచి ముందుకి జరుగుతాయి. సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోయేంత కూడా జరగవచ్చు. కొత్త రకం తూటాలు తెచ్చినప్పుడు నాలుగు కాల్చి, ఐదోది తీసి కాల్చనిదాని పక్కన నిలబెట్టి పొడవు చూడండి. పెరిగితే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు.

పిస్టల్‌లో మరీ మెత్తని, అంటే బలం తక్కువున్న, తూటాలు వాడితే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక ఇరుక్కుంటుంది. అక్కడ మెత్తదనానికి హద్దుంది. రెండు మూడు రకాలు కాల్చి, ఇరుక్కోకుండా నడిచేవాటిలో మెత్తనిది ఎంచుకోవాలి.

ఎన్ని కాల్చాలి

చిన్న తుపాకీతో ఒక రోజుకి 25 రౌండ్లు, నాకు అదే హద్దు. ఐదు కాల్చి కిందపెట్టి, చెయ్యి విదిలించి, వేళ్లు రెండుమూడుసార్లు పూర్తిగా చాచి ముడిచి, మళ్లీ ఐదు. మిగతా సమయమంతా .22 అనే సన్న తూటా కాల్చే పిస్టల్‌తో. చూపు, ట్రిగ్గర్ నొక్కడం, ఊపిరి, అన్నీ .22తో కూడా అంతే నేర్చుకోవచ్చు, చెయ్యి మాత్రం అలసిపోదు. మొదట .22, తర్వాత చిన్నది, చివర మళ్లీ ఒక పది .22. ఆ చివరి పది ఎందుకంటే, చెయ్యి దెబ్బ గుర్తుతో ఇంటికి వెళ్లకుండా.

ఆ గుర్తు మాటే కొంచెం వివరంగా చెప్పాలి. నా చెయ్యి వారంలో బాగుపడింది. ఉలికిపాటు పోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ట్రిగ్గర్ నొక్కబోతుండగానే చెయ్యి ముందుగానే బిగుసుకుని గొట్టాన్ని కిందికి లాగేసేది, కళ్లు మూసుకుపోయేవి. తూటాలన్నీ కాగితం అడుగున. నొప్పి ఒకసారి నేర్పిన పాఠాన్ని చెయ్యి అంత త్వరగా మరిచిపోదు.

దాన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మందు లేని ఉత్తుత్తి తూటాలు ఒకటి రెండు అసలువాటిలో కలిపి, పక్కవాళ్ల చేత నింపించాలి. ఏది ఎప్పుడు వస్తుందో మీకు తెలియకూడదు. ఉత్తుత్తిది వచ్చినప్పుడు టిక్కుమని ఊరుకుంటుంది, కానీ గొట్టం ధడేలున కిందికి వంగుతుంది. నాది ఎంత వంగిందో మొదటిసారి చూసి సిగ్గేసింది. గొట్టం కదలకుండా టిక్కు వినిపించేదాకా చెయ్యాలి. ఇంట్లో కూడా ఖాళీ తుపాకీలో ఉత్తుత్తి తూటాలు పెట్టుకుని, తూటాలు ఆపే గోడ వైపు గురిపెట్టి రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ నొక్కవచ్చు, చేతికి ఏ దెబ్బా లేదు. .22 తుపాకీలను మాత్రం తయారుచేసినవాళ్లు పర్వాలేదంటేనే అలా వట్టిగా నొక్కాలి, లేకపోతే లోపల తూటాను పేల్చే సూది దెబ్బతినవచ్చు.

ఉలికిపాటులో సగం చెవులది. పొట్టి గొట్టం ఎక్కువ మోత మోగుతుంది. ఆ మోతను కూడా ఒళ్లు దెబ్బగానే లెక్కేసుకుంటుంది. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు పెట్టి, పైన చెవులను కప్పే మఫ్ కూడా వేసి చూడండి. తుపాకీ తన్నడమే తగ్గిందా అనిపిస్తుంది. కళ్లద్దాలు ఎలాగూ ఉండాల్సిందే.

తర్వాత

కాల్చడం అయ్యాక చల్లటి నీళ్లతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. చాలా తూటాల్లో అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లో, బుల్లెట్‌లో సీసం ఉంటుంది. చర్మం లేచిన చోట ముందే ప్లాస్టర్ వేసుకుని కాల్చడం మంచిది. కడుక్కోకుండా కళ్లు నులుముకోవద్దు, ఏమీ నోట్లో పెట్టుకోవద్దు.

చెయ్యి సలుపుతుంటే ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెడతాను, నేరుగా చర్మం మీద కాదు. పట్టు బలం కోసం వారంలో మూడు రోజులు మెత్తటి బంతి నొక్కుతాను. ఐదు వేళ్లకీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేసి వేళ్లు బయటికి చాస్తాను కూడా. ఈ రెండోది వదిలేస్తారు చాలామంది. నొక్కే కండరాలు మాత్రమే పెరిగితే మోచేతి దగ్గర కొత్త నొప్పి మొదలవవచ్చు.

వేళ్లు తిమ్మిరెక్కి గంటల తరబడి తగ్గకపోయినా, రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ వస్తున్నా, బొటనవేలి మొదట్లో నొప్పి రెండు వారాలు దాటినా, పట్టు జారి వస్తువులు పడిపోతున్నా డాక్టర్‌కి చూపించుకోవాలి. వచ్చిన తిమ్మిరి నరం మీద ఒత్తిడిది కావచ్చు. కీళ్లవాతం ఇప్పటికే ఉన్నవాళ్లు మొదలుపెట్టకముందే అడగడం మంచిది. అలాంటివాళ్లు బరువైన ఉక్కు తుపాకీతో, .22తో కాల్చుకుంటే పోయేదేమీ లేదు.

చివరికి తుపాకీ పెట్టెలో పెట్టి తాళం వేశాక, తీసిన ఉంగరం మళ్లీ పెట్టుకుంటాను. సులువుగా జారితే సరే. కణుపు దగ్గర ఆగిపోయిందంటే చెయ్యి వాచింది, ఆ వారం చిన్నదాని జోలికి పోను.